చవక బస ఎవరికి చవక? చెన్నైలో రెండు రోజుల యాత్ర నుంచి నెలల మకాం దాకా ఖర్చుల లెక్క

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి చెన్నైకి వచ్చేవారిలో గుళ్లూ సముద్రమూ చూసుకుని మరునాటి రాత్రికే తిరుగు రైలెక్కే కుటుంబాలు ఉంటాయి, రేడియేషన్ కోసం నెలన్నర ఉండవలసి వచ్చే రోగులు ఉంటారు, శిక్షణకో కొత్త ఉద్యోగానికో వచ్చి మూడు నెలల తరవాత ఏ ఊళ్లో ఉంటామో తెలియని యువతీయువకులు ఉంటారు. వీరందరూ ఈ నగరంలోని తమ బంధుమిత్రులను అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "తక్కువలో రూము ఎక్కడ దొరుకుతుంది?" ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ ఫోను రాని ఇల్లు అరుదు. అయితే రోజుకు ఇంత అన్న అద్దె ఒక్కటే చూసి ఏది తక్కువో తేల్చడం కుదరదు. ఎన్నాళ్లు ఉంటారు, ఎంతమంది వస్తారు, రోజూ ఎక్కడికి వెళ్లిరావాలి, తిరుగు ప్రయాణం తేదీ ముందే తెలుసా లేదా అన్న నాలుగు విషయాలను బట్టి అదే గది ఒకరికి చవక, మరొకరికి భారం అవుతుంది.

ఈ మధ్య వచ్చిన మార్పులు గందరగోళాన్ని మరికాస్త పెంచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి గదుల మీద జీఎస్టీ మారింది. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఈ మార్పులను, బసల రకాలను కలిపి చూస్తూ ఎవరి లెక్క ఎలా ఉంటుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో పన్నులు, ప్రభుత్వ రుసుములు అసలువి. గది అద్దెలు, ఆటో, భోజనం ఖర్చులు మాత్రం లెక్క అర్థం కావడానికి ఉదాహరణగా తీసుకున్న అంకెలు.

లాడ్జి, మాన్షన్, సర్వీస్ అపార్ట్‌మెంట్, పీజీ: పేరుతో పాటు మారే షరతులు

లాడ్జిలో అద్దె గదికి, రోజు లెక్కన ఉంటుంది. ఇద్దరికి మించితే అదనపు మనిషికి కొంత వేస్తారు. సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో గదితో పాటు వంటకు వీలు ఉంటుంది, వారానికో నెలకో మాట్లాడుకుంటే రోజు అద్దె తగ్గుతుంది. పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ వసతిలో, అద్దె గదికి కాక మనిషికి, అంటే మంచానికి. చాలాచోట్ల భోజనం అందులోనే కలిసి ఉంటుంది. సత్రాలు కులసంఘాలవో ధర్మసంస్థలవో అయి ఉంటాయి కాబట్టి రుసుము తక్కువే గాని, సాధారణంగా కొద్ది రోజులకు మించి ఉండనివ్వరు.

మాన్షన్ చెన్నైకి ప్రత్యేకమైనది. ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి గుడి నుంచి చేపాక్ వైపు వెళ్లే వీధుల్లో ఇవి బారులు తీరి ఉంటాయి. పొడవాటి నడవా, దానికి రెండు వైపులా ఒక మంచమూ ఒక మేకుల పలకా పట్టేంత గదులు, అంతస్తు చివర ఉమ్మడి స్నానాల గదులు, కింద ఒక మెస్సు. ఎక్కువ భాగం మగవారికే, అద్దె నెల లెక్కన. ఉద్యోగాల వేటలో వచ్చిన ఒంటరి మగవాడికి ఇంతకంటె తక్కువలో నగరం నడిబొడ్డున చోటు దొరకడం కష్టం. అదే మాన్షన్ భార్యాబిడ్డలతో వచ్చినవారికి, వంట తప్పనిసరైన రోగికి ఏ ధరకూ పనికిరాదు.

ఇక డబ్బు మాటల్లో అడ్వాన్స్ అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగి వచ్చే సొమ్ము. పీజీల్లో "మెయింటెనెన్స్" పేరుతో అందులోంచి మినహాయించేది తిరిగి రాదు. లాక్-ఇన్ అంటే అంతకు ముందు వెళ్లిపోయినా అద్దె కట్టవలసిన కనీస కాలం. నోటీసు అంటే ఖాళీ చేస్తున్నామని ముందుగా చెప్పవలసిన వ్యవధి. తక్కువ కాలం ఉండేవారిని రోజు అద్దె కంటె మెయింటెనెన్స్, లాక్-ఇన్, నోటీసు అన్న ఈ మూడే ఎక్కువ దెబ్బతీస్తాయి.

గది లెక్కలో "రోజు" ఎప్పుడు మొదలవుతుంది

హైదరాబాదు నుంచి రాత్రి రైల్లో బయలుదేరిన కుటుంబం శనివారం తెల్లవారి 5 గంటలకు సెంట్రల్‌లో దిగి, ఆదివారం రాత్రి 10 గంటల రైలుకు తిరిగి వెళుతుందనుకుందాం. ఒక లాడ్జి అద్దె 1,300 రూపాయలు, అయితే అక్కడ మధ్యాహ్నం 12 గంటల చెక్-అవుట్. రెండో లాడ్జి 1,500, అక్కడ 24 గంటల చెక్-అవుట్.

మొదటి లాడ్జిలో శనివారం 5 నుంచి 12 దాకా ఒక రోజు, ఆదివారం 12 దాకా రెండో రోజు, ఆ రాత్రి దాకా మూడో రోజు. మొత్తం 3,900. రెండో లాడ్జిలో శనివారం 5 నుంచి ఆదివారం 5 దాకా ఒకటి, అక్కడి నుంచి రాత్రి దాకా రెండోది. మొత్తం 3,000. బోర్డు మీద 200 తక్కువగా కనిపించిన గది చివరికి 900 ఎక్కువ తీసుకుంది. అదే కుటుంబం మధ్యాహ్నం దిగే రైల్లో వస్తే ఈ లెక్క తారుమారవుతుంది. గదిని ఆదివారం మధ్యాహ్నమే ఖాళీ చేసి సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టి ఊరు చూసేవారికి మొదటి లాడ్జిలోనూ ఒక రోజు అద్దె మిగులుతుంది. టికెట్ ఉన్న ప్రయాణికులకు సెంట్రల్, ఎగ్మోర్‌లలో రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీ ఉన్నాయి గాని, పండగ రోజుల్లో అవి దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది.

రెండు మూడు రోజుల యాత్రలో చూడవలసిన చోట్లకు అయ్యే ఖర్చు నిజానికి స్వల్పం. మహాబలిపురంలో పురావస్తు శాఖ టికెట్ భారతీయులకు 40 రూపాయలు. తీరాలయానికీ పంచ రథాలకూ అదే రోజున అదే టికెట్ చెల్లుతుంది, 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఇక్కడ నష్టం జరిగేది వారాలు, వేళలు చూసుకోకపోవడం వల్ల. 1851లో మొదలైన ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు, వండలూరు జంతు ప్రదర్శనశాలకు మంగళవారం సెలవు, కాంచీపురం ఆలయాలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం 4 గంటల దాకా మూసి ఉంటాయి. మన అమరావతి స్తూపపు శిల్పఫలకాలు ఎన్నో ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంత దూరం వచ్చిన తెలుగువారు వాటిని చూడకుండా వెళ్లడం బాధ కలిగించే విషయం.

జీఎస్టీ మార్పు ఎవరికి ఎంత మిగులుస్తుంది

2025 సెప్టెంబరు 22కు ముందు రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గది మీద 12 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు అది 5 శాతం. 1,500 రూపాయల గదికి పన్ను 180 నుంచి 75కు తగ్గింది. రెండు రోజుల యాత్రికుడికి మిగిలేది 210 రూపాయలు, దాని కోసం ప్రణాళిక మార్చుకోవలసిన పని లేదు. నెల రోజులు ఉండే రోగి కుటుంబానికి మాత్రం 3,150 మిగులుతుంది, అది ఆ కుటుంబానికి వారం రోజుల వంట ఖర్చు కంటె ఎక్కువ. ఏడాది వ్యాపారం 20 లక్షల రూపాయలకు మించని చిన్న లాడ్జీలు జీఎస్టీ నమోదు చేసుకోనక్కరలేదు, నమోదు లేనివారు పన్ను వసూలు చేయడానికి వీల్లేదు.

ఎక్కువ కాలం ఉండేవారికి సంబంధించిన నిబంధన వేరే ఉంది. జీఎస్టీ మండలి 2024 జూన్ సమావేశంలో తీసుకున్న నిర్ణయం ప్రకారం, మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని బసలో వరుసగా కనీసం 90 రోజులు ఉంటే పన్ను పూర్తిగా మినహాయింపు. పీజీలకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. నెలకు 9,000 తీసుకునే నమోదైన పీజీలో 80 రోజులే ఉండే విద్యార్థికి నెలకు 450 పన్ను పడవచ్చు, 90 రోజులు ఉండేవారికి పడదు.

రైలు, బస్సు: ముందే తెలిసినవారికీ తెలియనివారికీ తేడా

అరవై రోజుల గడువు యాత్రికులకు ఇబ్బంది కాదు. వైద్యుడు వచ్చే వారం రమ్మన్నవారికి మాత్రం ఆ గడువు ఎంత ఉన్నా ఒకటే; వారికి మిగిలేది తత్కాల్. ఏసీ తరగతులకు ప్రయాణానికి ముందు రోజు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు అది మొదలవుతుంది. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు, అందులో రాయితీలు చెల్లవు.

ఆ రాయితీలు తెలియక నష్టపోయేవారు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. రోగుల రాయితీలు ఆగలేదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలలో పూర్తి రాయితీ ఉంది, వెంట వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం ఉంది. గుండె శస్త్రచికిత్సకు, మూత్రపిండాల మార్పిడికి, డయాలిసిస్‌కు వెళ్లేవారికీ సహాయకుడికీ స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం ఉంది. ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రం చూపించి రిజర్వేషన్ కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి. ఈ కాగితం సంగతి ఆసుపత్రిలో ఎవరూ తమంతట తాము చెప్పకపోవచ్చు.

దిగే చోటు కూడా ఖర్చులో భాగమే. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు నగరానికి దక్షిణాన ఉన్న తాంబరం దాకా వెళుతుంది. ఆంధ్ర వైపు బస్సులకు 2018లో ఉత్తరాన మాధవరంలో టెర్మినల్ కట్టారు. తాంబరం దగ్గర బస చూసుకుని మాధవరంలో తెల్లవారుజామున దిగేవారికి, బస్సు టికెట్‌లో మిగిలినది ఆటోకే సరిపోతుంది.

రోగితో వచ్చేవారి లెక్క

చెన్నైలో తెలుగువారి దీర్ఘకాలపు మకాముల్లో వైద్యం కోసం వచ్చేవే ఎక్కువ ఆందోళనతో కూడుకున్నవి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో నెలకొల్పిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, 1978లో మొదలైన శంకర నేత్రాలయ, 1983లో గ్రీమ్స్ రోడ్డులో మొదలైన అపోలో, సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, వీటి చుట్టుపక్కల వీధులన్నీ ఈ బసల మీదే బతుకుతాయి. గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లో నడిస్తే బెంగాలీ, హిందీ, తెలుగు బోర్డులు కనిపిస్తాయి. గది మూలన ఒంటి పొయ్యి స్టవ్, చిన్న సిలిండర్, కుక్కరు, రెండు గిన్నెలు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్లు. ఉదయం ఏడింటికల్లా ఒక గదిలో జావ, పక్క గదిలో చేపల కూర ఉడుకుతుంటాయి. ఏ మందుల దుకాణంలో తగ్గింపు ఇస్తారో, ఏ కూరగాయల బండి నయమో గదుల మధ్య నడవాలోనే తెలుస్తుంది.

రేడియేషన్ చికిత్స చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు నుంచి ఏడు వారాలు సాగుతుంది. ఆరు వారాలు, అంటే 42 రోజుల బస, 30 రోజుల చికిత్స అనుకుందాం. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో 600 రూపాయల లాడ్జి ఒకటి. నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో వంటకు వీలున్న 900 రూపాయల గది మరొకటి.

లాడ్జిలో అద్దె 25,200. రానూపోనూ ఆటో రోజుకు 400 చొప్పున 12,000. ఇద్దరికీ బయట భోజనం రోజుకు 500 చొప్పున 21,000. మొత్తం 58,200. దగ్గరి గదిలో అద్దె 37,800, సొంత వంట రోజుకు 200 చొప్పున 8,400. మొత్తం 46,200. అద్దె 12,600 ఎక్కువైనా మొత్తం ఖర్చు 12,000 తక్కువ.

దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఆటో ఎందుకు, బస్సులో వెళ్లవచ్చు కదా అనేవారు ఉంటారు. చెన్నైలో సాధారణ చార్జీ సిటీ బస్సుల్లో 2021 మే నుంచి మహిళలకు టికెట్ లేదు. మెట్రోలో ఎంత దూరమైనా 50 రూపాయలకు మించదు. ప్రభుత్వ చవక భోజనశాల అయిన అమ్మ ఉణవగంలో ఇడ్లీ ఒక రూపాయికి, సాంబారన్నం 5 రూపాయలకు, పెరుగన్నం 3 రూపాయలకు దొరుకుతుంది. ఇవన్నీ వాడుకుంటే లాడ్జి లెక్క బాగా దిగి వస్తుందన్నది నిజం. సహాయకుడు ఒక్కడే తిరిగే రోజుల్లో, రోగి వార్డులో ఉన్న రోజుల్లో ఈ పద్ధతి నిజంగా ఆదుకుంటుంది. చికిత్స మధ్యలో రోగనిరోధక శక్తి పడిపోయిన మనిషిని కిక్కిరిసిన బస్సులో రోజూ తిప్పడం, నోట్లో పుండ్లు ఉన్న మనిషికి బయటి సాంబారు పెట్టడం వేరే సంగతి. అక్కడ మిగిల్చిన డబ్బును డబ్బుగా లెక్కించకూడదని నా అభిప్రాయం.

తేదీ తెలియకపోవడం రెండో చిక్కు. అదే 900 రూపాయల గదిని నెల మొత్తానికి ముందే కడితే 21,000కు ఇస్తామంటారనుకుందాం. రోజు లెక్కన 23 రోజులకు 20,700, 24 రోజులకు 21,600. అంటే 24 రోజులు ఉంటేనే నెల పద్ధతి లాభం. వైద్యుడు "మూడు వారాలు" అంటే అది 21 రోజులు కావచ్చు, రక్తకణాలు తగ్గి చికిత్స వారం వాయిదా పడితే 28 కావచ్చు. ముందుగా ఖాళీ చేస్తే మిగిలినది తిరిగి ఇస్తారా, ఎక్కువ రోజులు ఉండవలసి వస్తే అదే రేటు వర్తిస్తుందా అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు, అద్దె అంకె కంటె ముఖ్యం.

శని ఆదివారాల్లో ఇంటికి వెళ్లిరావడం మూడోది. నెల్లూరు చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు. సూళ్లూరుపేటకైతే చెన్నై నుంచి లోకల్ రైళ్లే ఉన్నాయి. శుక్రవారం ఖాళీ చేసి సోమవారం తిరిగి తీసుకుంటే మూడు రాత్రుల అద్దె 2,700, ఐదు వారాంతాలకు 13,500 మిగులుతుంది. సొంత ఇల్లు, పిల్లల ముఖాలు చూసిన రోగికి వచ్చే ధైర్యానికి వెల కట్టలేం. అయితే సోమవారం అదే గది ఉంటుందన్న భరోసా లేదు, కుక్కరు నుంచి కంబళి దాకా మోసుకు తిరగాలి, ఐదో వారానికి రోగికి ప్రయాణం చేసే ఓపిక ఉండదు. కొందరు గది యజమానులు సామాను ఉంచుకున్నందుకు సగం అద్దెకు ఒప్పుకుంటారు. ఒంగోలు, విజయవాడల నుంచి వచ్చినవారి కంటె నెల్లూరు, గూడూరు వారికే ఇది ఎక్కువ కలిసివస్తుంది.

బంధువుల ఇంట్లో దిగితే

అద్దె లేదు కాబట్టి ఇదే అన్నిటికంటె చవక అన్నది పెద్దల మాట. పరాయి ఊళ్లో కష్టంలో ఉన్నప్పుడు మనవాళ్ల ఇల్లు ఇచ్చే నిబ్బరం ఏ లాడ్జీ ఇవ్వదన్నదీ నిజమే. రెండో పక్షం వాదనకూ బలం ఉంది. చెన్నైలో మధ్యతరగతి ఇల్లు అంటే ఎక్కువగా రెండు గదుల ఫ్లాట్. పిల్లల పరీక్షలు, ఇంటావిడ ఉద్యోగం, వేసవిలో లారీ నీళ్ల కోసం ఎదురుచూపు వీటి మధ్య ఆరు వారాల అతిథిని చూసుకోవడం ప్రేమ ఉన్నవారికీ భారమే. దూరం కూడా కలిసిరాదు: బంధువుల ఇల్లు అంబత్తూరులోనో పల్లావరంలోనో ఉంటే అడయార్‌కు రోజూ వెళ్లిరావడానికి గంటలు పడుతుంది. నేను చూసినంతలో, మొదటి మూడు నాలుగు రోజులు బంధువుల ఇంట దిగి, వారి సాయంతోనే ఆసుపత్రి దగ్గర గది చూసుకుని మారిన కుటుంబాలు, అటు డబ్బునూ ఇటు బంధుత్వాన్నీ నిలబెట్టుకున్నాయి.

మూడు నెలలకు వచ్చే విద్యార్థి

తరమణి, పెరుంగుడి, షోళింగనల్లూరు వైపు కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌కు వచ్చేవారికి పీజీయే సహజమైన ఎంపిక. నెలకు 9,000 అద్దె, ఒక నెల అడ్వాన్స్, అందులో 2,000 మెయింటెనెన్స్ అంటే మూడు నెలలకు అసలు ఖర్చు 29,000. ఏసీ గదుల్లో ఈబీ (కరెంటు) బిల్లు విడిగా వేస్తారు; యూనిట్‌కు ఎంత అన్నది ముందే రాసుకోకపోతే మే నెలలో అది అద్దెతో పోటీ పడుతుంది. నెల రోజుల నోటీసు షరతు ఉన్నచోట, ఇంటర్న్‌షిప్ పది రోజులు పొడిగించబడి నాలుగో నెలలోకి అడుగుపెడితే పూర్తి నెల అద్దె పోవచ్చు. రోజూ తిరగడానికి ఎంటీసీ (సిటీ బస్సుల సంస్థ) నెల పాసు 1,000 రూపాయలు. ఆడపిల్లలకు సాధారణ బస్సు ఉచితం కాబట్టి పాసు ఖర్చు లేకున్నా, రాత్రి షిఫ్టు ఉన్నవారికి దగ్గరి పీజీకి వెయ్యి రెండు వేలు ఎక్కువ ఇవ్వడమే సబబు. ఆ వేళ సాధారణ బస్సు కోసం నిలబడవలసిన అవసరం రాదు.

ఇల్లు ఎప్పుడు గిట్టుబాటు

నెలలు గడిచే మకాంలో చివరి ప్రశ్న, ఇల్లే అద్దెకు తీసుకుంటే ఏమి అన్నది. నెల అద్దె 12,000 ఉన్న చిన్న పోర్షన్ అనుకుందాం. మధ్యవర్తికి ఒక నెల అద్దె, ఖాళీ చేసేటప్పుడు సున్నం పేరుతో మినహాయించే మరో నెల అద్దె, స్టవ్, పరుపులు, పాత్రలకు 6,000 కలిపి తిరిగి రాని ఖర్చు 30,000. ఈబీ, నీళ్లతో కలిపి నెలకు 13,500. దీన్ని రోజుకు 800, అంటే నెలకు 24,000 అద్దె ఉన్న, వంటకు వీలున్న గదితో పోలిస్తే ఇంట్లో నెలకు 10,500 మిగులుతుంది. 30,000ను 10,500తో భాగిస్తే దాదాపు మూడు నెలలు. అంతకు లోపు ఖాళీ చేసేవారికి ఇల్లు నష్టం.

అడ్వాన్స్‌ను ఈ లెక్కలో కలపలేదు, తిరిగి వచ్చే సొమ్మే కాబట్టి. కానీ మన ఊళ్లలో చాలామంది ఆ సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఐదు నెలల అడ్వాన్స్ 60,000 మీద నెలకు 1,200 వడ్డీ పడితే ఇంట్లో మిగిలేది 9,300కు తగ్గి, గిట్టుబాటు కాలం మూడు నెలల పైచిలుకు అవుతుంది.

తమిళనాడు కొత్త అద్దె చట్టం 2017లో చేసినది, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని అద్దె అధికారి వద్ద నమోదు చేయాలి. అడ్వాన్స్ మూడు నెలల అద్దెకు మించకూడదు. ఈ మూడు నెలల పరిమితికి "ఒప్పందంలో వేరే విధంగా లేనప్పుడు" అన్న మినహాయింపు ఉంది. అద్దెదారుకు రక్షణ అనుకున్నది ఆ మినహాయింపుతో బలహీనపడిందని ఒక వాదన. ఇల్లు ఖాళీ చేయించడం కష్టమైన చోట యజమానికి కాస్త భరోసా లేకపోతే అద్దెకే ఇవ్వరని ఎదుటి వాదన. ఏ వాదన సరైనదైనా, పది నెలల అడ్వాన్స్ అడిగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి ఇంటికి 1,20,000 మీద నెలకు 2,400 వడ్డీ పోగా మిగిలేది 8,100; గిట్టుబాటు కాలం నాలుగు నెలలకు చేరువవుతుంది. రెండు నెలల్లో చికిత్స ముగుస్తుందని తెలిసినవారికి ఆ ఇల్లు ఎంత తక్కువ అద్దెకు కనిపించినా రోజు లెక్క గదే తక్కువలో తేలుతుంది.